మేటి క్రీడాకారులు ప్రశ్నావళిలో నిజం రాస్తారా?

తెల్లకాగితం (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. అంశం మేటి క్రీడాకారుల మానసిక ఆరోగ్యం. నాకు ఇద్దరు మార్గదర్శకులు. ఒకరు మనస్తత్వశాస్త్రం, ఇంకొకరు క్రీడావిజ్ఞానం. వారిద్దరూ చెరో మాట చెబుతున్నారు, మధ్యలో నాకు దారి తోచక ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి విడతలో ఏపీఎస్‌క్యూ అనే ప్రశ్నావళి ఇచ్చాను. క్రీడాకారుల మీద మానసిక ఒత్తిడి ఎంతుందో పట్టుకోవడానికి తయారుచేసినది. పది ప్రశ్నలే. గడిచిన నాలుగు వారాల్లో సహచరులతో మెలగడం కష్టమైందా, ఆట మీద ఉత్సాహం తగ్గిందా, ఆట ముగిశాక బతుకు ఎలా అని దిగులు పడ్డారా, ఇలా సాగుతుంది. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు. కనిష్ఠం 10, గరిష్ఠం 50. మొత్తం 17 గానీ ఆ పైన గానీ వస్తే మరింత లోతుగా చూడాలి.

శిక్షణ శిబిరంలో సాయంత్రం సాధన ముగిశాక, భోజనాల గదిలో కాగితాలు పంచాను. పది నిమిషాలు పడుతుందనుకుంటే రెండు నిమిషాల్లో అన్నీ తిరిగొచ్చాయి. సగానికి పైగా కాగితాల్లో మొత్తం సరిగ్గా 10. కొన్నింటిలో విడివిడిగా టిక్కులు కూడా లేవు. మొదటి గడి నుంచి పదో గడి దాకా పెన్ను ఎత్తకుండా నిలువునా ఒకే గీత. ఒక్క కాగితం మాత్రం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఆట ముగిశాక బతుకు గురించిన ప్రశ్న దగ్గర ముందు 4 మీద టిక్కు పెట్టారు. తర్వాత దాన్ని కొట్టేసి 1 మీద పెట్టారు. ఎంత గట్టిగా కొట్టేశారంటే, కాగితం తిరగేసి తడిమితే ఆ గీతలు వేలికి తగులుతున్నాయి.

ఒక మార్గదర్శకులు "వచ్చిన ఫలితం అదే, రాసెయ్యి" అంటున్నారు. రెండోవారు "ఇది ఫలితమే కాదు, పక్కన పడెయ్యి" అంటున్నారు. మీరేమంటారు?

అంకెలబడి

సలహా ఇచ్చే ముందు ఒక్కటి అడగాలి. వాళ్లు కాగితాలు నింపుతున్నప్పుడు గదిలో ఇంకా ఎవరున్నారు?

తెల్లకాగితం

కోచ్, మేనేజరు. తలుపు పక్కన నిలబడి మాట్లాడుకుంటున్నారు. కాగితాలు పోగుచేసి నా చేతికిచ్చింది మేనేజరే. సాయం చేస్తున్నారనుకున్నాను.

అంకెలబడి

అయితే ఆ పదులన్నీ ఆ గదివి. వాటిని క్రీడాకారుల ఖాతాలో వేయకండి. పారేయకండి కూడా. ఎవరి సమక్షంలో నింపారో, ఎవరు సేకరించారో ఉన్నదున్నట్టు రాసి, రెండో విడత వేరే ఏర్పాటుతో చేయండి. రెండింటి మధ్య తేడాయే మీ సిద్ధాంత వ్యాసంలో అన్నిటికన్నా విలువైన అధ్యాయం కావచ్చు.

ఇంకో జాగ్రత్త. 2019లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం, ఇప్పుడు ఆడుతున్న మేటి క్రీడాకారుల్లో ఆందోళన, కుంగుబాటు లక్షణాలు 34 శాతం మందిలో, మద్యం దుర్వినియోగం 19 శాతం మందిలో కనిపించాయి. ఆట మానేసినవారిలో ఆందోళన, కుంగుబాటు 26 శాతం. ఈ అంకెలను పత్రికలు "ముగ్గురిలో ఒకరికి మానసిక వ్యాధి" అని రాసేస్తుంటాయి. అది తప్పు. అవి ఎక్కువగా ఇలాంటి ప్రశ్నావళుల్లో తేలిన లక్షణాలు, వైద్యులు చేసిన నిర్ధారణలు కావు. పైగా ఏ ప్రశ్నావళి ఏ గదిలో, ఎవరి ఎదుట నింపారో చాలా పత్రాల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు. నాకు మండేది అక్కడే.

విజిల్

నేను కోచ్‌ని. మీ శిబిరం నాది కాదు గానీ, అలా తలుపు దగ్గర నిలబడే మనిషిని నేనే. కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

నా దగ్గర శిక్షణ పొందే అమ్మాయికి నాలుగు రాత్రులుగా నిద్ర లేదనుకోండి. అది నాకు తెలియకపోతే అయిదో రోజు ఉదయం ఆమెతో పూర్తి బరువు ఎత్తిస్తాను. గాయమైతే బాధ్యత నాదే. గోప్యత పేరుతో కోచ్‌ని బయట పెడితే ఆటగాళ్లకు మేలు జరుగుతుందని పరిశోధకులు ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు. రోజూ వాళ్లతో ఆరేడు గంటలు గడిపేది మేము. మీరు ఏడాదికి రెండుసార్లు కాగితాలు పట్టుకుని వస్తారు.

నాలుగో లేన్

విజిల్ గారూ, మీ మాటలో బాధ్యత కనిపిస్తోంది, అందుకే వివరంగా రాస్తున్నాను. నేను పన్నెండేళ్లు ఈదాను. అందులో ఏడేళ్లు పైస్థాయిలో.

మాకు ఉదయం లేవగానే ఫోన్‌లో నింపాల్సిన పట్టిక ఒకటి ఉండేది. నిద్ర, అలసట, కండరాల నొప్పి, మనసు. ఒక్కోదానికి అయిదుకి ఎన్నో వేసుకోవాలి. ఒక పోటీల సమయంలో ఉన్నది ఉన్నట్టు రాశాను. నిద్ర 2, మనసు 2. ఆ మధ్యాహ్నం రిలే హీట్స్ జాబితాలో నా పేరు లేదు. కారణం అదేనని ఎవరూ చెప్పలేదు. అది కాదని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లపాటు నా పట్టిక 4, 4, 4, 4. అన్నీ 5 వేస్తే అనుమానం వస్తుంది కాబట్టి 4. వారానికి ఒకసారి నొప్పి దగ్గర 3 వేసేదాన్ని, నమ్మేలా ఉండాలని. నా పక్క మంచం అమ్మాయి కళ్లు కూడా పూర్తిగా తెరవకుండా బొటనవేలితో నాలుగుసార్లు ఒకేచోట నొక్కి ఫోన్ దిండు కింద పెట్టేసేది. మా జట్టు లెక్కలతో ఒక పరిశోధన పత్రం కూడా వచ్చింది. అందులో "సీజన్ అంతటా మానసిక స్థితి నిలకడగా ఉంది" అని రాశారు. అది చదివి ఆ రాత్రి ఏడ్చాను. ఆ సీజన్‌లోనే నేను రెండుసార్లు ఆట వదిలేద్దామనుకున్నాను.

మీరు చెడ్డవారని కాదు. నా కోచ్ కూడా చెడ్డవారు కాదు. కానీ జాబితా రాసే చేయి, నా పట్టిక చదివే కన్ను ఒకే మనిషివైతే నేను నిజం రాయలేను.

అంకెలబడి

నాలుగో లేన్ గారు రాసినదాంట్లో ఎంత నష్టం ఉందో చెబుతాను. 2016లో 56 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష వచ్చింది. శిక్షణ భారం పెరిగినప్పుడు, తగ్గినప్పుడు క్రీడాకారుల శరీరంలో వచ్చే మార్పును ఏది బాగా పసిగడుతుందని అడిగారు. రక్తపరీక్షలు, గుండె వేగం వంటి కొలతల కన్నా క్రీడాకారులు తమ గురించి తాము చెప్పుకున్న మాటే ఎక్కువ సున్నితంగా, నిలకడగా స్పందించిందని తేలింది.

అంతకు ముందు, 1987లో విలియమ్ మోర్గన్ బృందం విశ్వవిద్యాలయ ఈతగాళ్ల మీద ఏళ్లతరబడి చేసిన పనిని ప్రచురించింది. రోజూ ఈదే దూరం పెరిగేకొద్దీ మనఃస్థితి చెదరడం, పోటీలకు ముందు దూరం తగ్గించగానే తిరిగి కుదుటపడడం మెట్లు మెట్లుగా కనిపించాయి. అంత శక్తి ఉన్న సాధనం అది. దాన్ని ఎంపిక జాబితా పక్కన పెట్టిన రోజున ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఖరీదైన యంత్రం ఏదీ ఆ లోటు తీర్చలేదు.

రాత్రి డ్యూటీ

క్రీడా వైద్యం నా వృత్తి. విజిల్ గారికి, నాలుగో లేన్ గారికి మధ్య దారి లేకపోలేదు.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019లో మేటి క్రీడాకారుల మానసిక ఆరోగ్యం మీద ఏకాభిప్రాయ ప్రకటన విడుదల చేసింది. దాని వెంట రెండు సాధనాలు వచ్చాయి. ఒకటి వైద్యులు, అర్హత ఉన్న ఆరోగ్య నిపుణులు వాడాల్సినది. అందులో తొలి మెట్టు తెల్లకాగితం గారు వాడిన ఆ పది ప్రశ్నలే. 17 గానీ ఆ పైన గానీ వస్తే ఆందోళన, కుంగుబాటు, నిద్ర, మద్యం, మాదకద్రవ్యాలు, తిండి అలవాట్ల గురించి ఆరు విడి ప్రశ్నావళులు ఇస్తాం. రెండోది కోచ్‌లు, కుటుంబసభ్యులు, సహచరుల కోసం. అందులో మార్కులు ఉండవు. ఏయే గుర్తులు చూడాలి, చూశాక ఎవరి దగ్గరకు పంపాలి అన్నది మాత్రమే ఉంటుంది. కోచ్‌ని బయట పెట్టడం కాదిది, కోచ్ చేతికి సరైన పనిముట్టు ఇవ్వడం.

నేను పనిచేసే చోట కోచ్‌కి ఒకే మాట వెళుతుంది: ఈ వారం పూర్తి శిక్షణ, లేదా తగ్గించిన శిక్షణ, లేదా విశ్రాంతి. ఎందుకన్నది నా గదిలోనే ఉంటుంది, క్రీడాకారులు తామే చెప్పుకుంటే తప్ప. విజిల్ గారు చెప్పిన నిద్రలేని అమ్మాయి ఆ ఉదయం పూర్తి బరువు ఎత్తదు. ఎందుకు ఎత్తడం లేదో ఆయనకు తెలియాల్సిన అవసరం లేదు.

విజిల్

కారణం తెలియకుండా శిక్షణ ప్రణాళిక మార్చడం కష్టం డాక్టరు గారూ. కానీ రిలే జాబితా సంగతి చదివాక వెంటనే జవాబు రాయలేకపోయాను. నేను కూడా ఎవరికో అలా చేసి ఉంటాను. ఉదయం పట్టిక చూసి, "ఈ రోజు ఇతని మనసు బాగాలేదు, వేరేవాణ్ని దింపుదాం" అనుకున్న రోజులు ఉన్నాయి. అది శ్రద్ధ అనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ జట్టు ఫైనల్లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వాల్ట్ మీద రెండున్నర మెలికలు తిరగాల్సింది, ఒకటిన్నరే తిరిగి దిగింది. ఆ తర్వాత తప్పుకుంది. ఆ రోజు నేను మా పిల్లల ముందు "మానసిక దృఢత్వం లేకపోతే ఇంతే" అన్నాను. గాలిలో తానెక్కడుందో శరీరానికి తెలియకుండా పోవడమంటే ఏమిటో, ఆ స్థితిలో తలకిందులుగా దిగితే మెడ విరుగుతుందని మా జిమ్నాస్టిక్స్ మిత్రుడు చెప్పేదాకా నాకు తట్టలేదు. అదే పోటీల్లో ఆమె బీమ్ మీద కాంస్యం గెలిచింది. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. ఆ రోజు నా మాట విన్న పిల్లలు నా పట్టికల్లో నిజం రాస్తారని నేనెలా ఆశించాను?

నాలుగో లేన్

ఈ మాట రాసినందుకు మీకు కృతజ్ఞతలు. నిజంగా.

కొత్తగా చేరాను

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పది వేల గంటలు సాధన చేస్తే ఎవరైనా మేటి ఆటగాళ్లవుతారన్నది కూడా మనస్తత్వ పరిశోధనలోదే కదా? మా అబ్బాయి కోచ్ రోజూ అదే చెబుతారు.

అంకెలబడి

మూలం 1993లో వయొలిన్ విద్యార్థుల మీద వచ్చిన పత్రం. అందులో పది వేలు ఒక సగటు మాత్రమే, గీత కాదు. 2016లో క్రీడల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, ఆటగాళ్ల మధ్య తేడాలో 18 శాతాన్నే సాధన వివరించగలిగింది. పైస్థాయివారిలో అయితే 1 శాతం. అందరూ విపరీతంగా సాధన చేసేచోట సాధన తేడా చూపించలేదు. మీ అబ్బాయికి గంటల లెక్క కన్నా నిద్ర ముఖ్యం. ఇంతకు మించి వేరే చర్చలో మాట్లాడుకుందాం.

మోకాలి ముడి

ఫిజియోథెరపీ చేస్తాను. మీరంతా కాగితం గురించి మాట్లాడుతున్నారు, నేను మోకాలి వైపు నుంచి వస్తాను.

ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు) తెగి శస్త్రచికిత్స చేయించుకున్నవారి మీద 2014లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఏదో ఒక ఆటకు తిరిగొచ్చినవారు 81 శాతం. గాయానికి ముందున్న స్థాయికి చేరినవారు 65 శాతం. పోటీ క్రీడకు తిరిగొచ్చినవారు 55 శాతమే. కండరం బలం వచ్చినా, కీలు గట్టిగా ఉన్నా వెనక్కి రాలేనివారు ఇందులో చాలామంది. మళ్లీ తెగుతుందన్న భయం వాళ్లను ఆపుతోంది. దాన్ని కొలవడానికి పన్నెండు ప్రశ్నల కొలమానం 2008 నుంచి ఉంది.

కానీ నేను కాగితం మీదే ఆగను. నా దగ్గరకొచ్చే ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ప్రశ్నలన్నిటికీ పూర్తి నమ్మకం ఉన్నట్టే జవాబిచ్చాడు. చికిత్స గదిలో ఒంటికాలి గెంతు కొలిస్తే రెండు కాళ్లూ సమానం. మైదానానికి తీసుకెళ్లి, పక్కన ఒక మనిషిని నిలబెట్టి, గాలిలో బంతి వేశాను. ఎగిరి తల తగిలించాడు, దిగేటప్పుడు బరువంతా మంచి కాలు మీదే. మళ్లీ వేశాను, మళ్లీ అంతే. ఏడోసారికి తనే ఆగి, "గమనించారా?" అన్నాడు. గమనించానన్నాను. గడ్డి మీద కూర్చుని అప్పుడు చెప్పాడు, మోకాలిలో లిగమెంటు తెగిన శబ్దం తనకు ఇంకా వినిపిస్తోందని. ఆ మాటకు ఏ గడిలో టిక్కు పెట్టాలి?

తెల్లకాగితం గారూ, మీ పరిశోధనలో కొందరితోనైనా కూర్చుని మాట్లాడండి. ప్రశ్నావళి తలుపు తట్టగలదు. లోపలికి పిలిచేది వాళ్లే.

రాత్రి డ్యూటీ

మోకాలి ముడి గారి మాటకు నావైపు నుంచి ఒక జోడింపు. మనసును ఒకరు, శరీరాన్ని ఒకరు పంచుకుని పరిశోధిస్తే ఏమవుతుందో చూపించడానికి శక్తి లోటు కన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. తిన్నది శిక్షణకే సరిపోయి, శరీరం నడవడానికి మిగలకపోవడం. 1990ల్లో దీన్ని మహిళా క్రీడాకారుల త్రయం అనేవారు: గతితప్పిన తిండి అలవాట్లు, ఆగిన నెలసరి, బలహీనపడిన ఎముకలు. 2014లో ఒలింపిక్ కమిటీ దాన్ని విస్తరించి రెడ్-ఎస్ (క్రీడల్లో సాపేక్ష శక్తి లోటు) అని పేరు పెట్టింది, పురుషులను కూడా చేర్చింది. 2018లోనూ 2023లోనూ సవరించింది.

నెలసరి ఆగిపోతే "శిక్షణ బాగా పడుతోంది" అని సంతోషించే జట్లను నేను చూశాను. ఎముక చిట్లి నా దగ్గరకొచ్చిన పరుగు క్రీడాకారిణిని ఎముకల వైద్యులు చూశారు, ఆహార నిపుణులు చూశారు. బరువు తూచే యంత్రం ఎక్కే రోజు ముందు రాత్రి ఆమె ఎలా గడుపుతుందని ఎవరూ అడగలేదు. మానసిక సమస్య ఇందులో కారణమూ అవుతుంది, ఫలితమూ అవుతుంది. అలాంటప్పుడు ఒక శాఖ ఒక్కటే దీన్ని ఎలా పట్టుకుంటుంది? మీ ఇద్దరు మార్గదర్శకులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. వీలైతే మూడో కుర్చీలో వైద్యులను కూడా.

ఒక ప్రశ్న తప్పక అడగాలి. రెండో విడతలో ఎవరైనా 30 దాటితే, లేదా బతకాలని లేదని అంచున రాస్తే మీరు ఏం చేస్తారు? "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. నిలబెట్టుకోలేరు, నిలబెట్టుకోకూడదు కూడా.

అంకెలబడి

చిన్న నమూనా గురించి రెండు మాటలు. మేటి క్రీడాకారులు ఎప్పుడూ కొద్దిమందే ఉంటారు, అది మీ తప్పు కాదు. కానీ కొద్దిమంది మీద వచ్చిన ఫలితం ఎంత దూరం పరుగెత్తుతుందో చూడండి. ఎక్కువ నిద్రపోతే బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల షాట్లు 9 శాతం మెరుగుపడ్డాయన్న 2011 అధ్యయనాన్ని అందరూ చెబుతారు. అందులో ఉన్నది 11 మంది, పోల్చి చూడడానికి వేరే బృందం లేదు. సీజన్ సాగేకొద్దీ సాధన వల్లనే షాట్లు మెరుగుపడి ఉండవచ్చు. నిద్ర మంచిదని నేనే పైన రాశాను, ఆ మాట మీదే ఉన్నాను. ఆ 9 మీద మాత్రం బరువు పెట్టను.

ఇక గోప్యత. ఒక్కరే గోల్‌కీపర్ ఉన్న జట్టులో, పట్టికలో "గోల్‌కీపర్, 24 ఏళ్లు, మొత్తం 31" అని అచ్చువేస్తే పేరు అచ్చువేసినట్టే. పేర్లు తీసేస్తే సరిపోదు. వయసులను కలిపి గుంపులుగా చూపించండి, ఆటలో స్థానం రాయకండి.

తెల్లకాగితం

చాలా రోజుల తర్వాత వస్తున్నాను. నైతిక పరిశీలన కమిటీ ముందు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. సమ్మతి పత్రం మార్చాను. ప్రాణాపాయం అనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పనని, అప్పుడు కూడా ముందు వాళ్లకే చెప్పి ఆ తర్వాతే జట్టుతో సంబంధం లేని వైద్యుల దగ్గరకు తీసుకెళ్తానని మొదటి పేరాలోనే పెట్టాను. ఇద్దరు మార్గదర్శకులూ ఒకే గదిలో కూర్చున్నారు. మొదటి గంట వాదనే జరిగింది, ఆ తర్వాత పని జరిగింది.

రెండో విడత మొన్న ముగిసింది. ఈసారి భోజనాల గది కాదు. కోచ్ లేరు, మేనేజరు లేరు. ఒక్కొక్కరికీ కవరు, దాని మీద వాళ్లే ఎంచుకున్న గుర్తు. రెండు నిమిషాల్లో ఎవరూ లేవలేదు. పెన్నులు ఆగి, మళ్లీ కదలడం చూశాను. అంకెలు ఇప్పుడే చెప్పను, విశ్లేషణ కాలేదు. నిలువు గీతలు మాత్రం ఒక్కటి కూడా లేవు.

అందరూ వెళ్లాక ఒక అబ్బాయి తలుపు దగ్గర ఆగాడు. కవరు అప్పటికే అంటించి పెట్టెలో వేశాడు.

"ఇది ఎవరు తెరుస్తారు?"

"నేను."

"మీరొక్కరేనా?"

"నేనొక్కదాన్నే. పైన రాసింది చదివారు కదా, ప్రాణం మీదకొచ్చే సంగతి అయితే వైద్యుల దగ్గరకు వెళదాం. ముందు మీకు చెప్పే వెళదాం."

కాసేపు నిలబడ్డాడు. "ఇంకో కాగితం ఉందా?" అన్నాడు. ఇచ్చాను. వెనక వరుసలో కూర్చుని మొదటి ప్రశ్న నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

రాత్రి డ్యూటీ

17 గానీ ఆ పైన గానీ వచ్చినవారితో మాట్లాడారా?

తెల్లకాగితం

రేపు ఉదయం ఇద్దరితో. మోకాలి ముడి గారు చెప్పినట్టు బయట, గడ్డి మీద కూర్చుందామని అడిగాను. సరేనన్నారు.